బెల్లం లేకుండా తియ్యగా ఉండే చారు

వరం,

నా గీతల్నీ తప్పుల్నీ చూసి నవ్వకే. అయిదో తరగతితో ఆగిన చదువు నాది. మా తోడికోడలి దగ్గరున్నటువంటి గిన్నె నువ్వూ నందిని గనుల ఊరికి వెళ్ళి పోత పోయించుకుంటానన్నావు కదా, అందుకే నా ప్రయాణం సంగతి రాస్తున్నాను.

మా ఆయన అన్నానికి కూర్చున్నప్పుడల్లా, "వదిన చారులో బెల్లం లేకుండానే తీపుంటాది. నీకేటొచ్చిందే?" అనేవారు. విని విని కడుపు మండిపోయేది. అదంతా ఆ గిన్నె మహిమేనని, నాకూ అలాంటిది ఉండాలని ఆదివారం పొద్దున్నే బయలుదేరాను. సెక్టర్ 2 నుంచి పవర్ హౌస్ బస్టాండుకి టెంపోలో రెండు రూపాయలు, అక్కడ నందిని బస్సుకి నాలుగు. కిటికీ పక్కన కూర్చోకు. సున్నపురాయి దుమ్ముకి నా జుట్టంతా తెల్లబడింది. "ఏటే, ముసిల్దానివైపోయి వొచ్చినావు!" అని అక్క, అదే మా తోడికోడలు, గుమ్మంలోనే నవ్వింది.

చింతపులుసు రాత్రంతా ఆ గిన్నెలోనే ఉంచి పొద్దున కాచిందట. "ఊరితేనే రుచే" అంది. నిజంగానే తియ్యగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. వాళ్ళ పాప బుజ్జి మాత్రం ముద్ద ముట్టకుండా కడుపు పట్టుకుని పడుకుంది. ముఖం పాలిపోయి, చిగుళ్ళ మీద నల్లటి గీత కనిపిస్తోంది. "ఆ గీత చూసి, ఇంట్లో సీసం ఏటైనా ఉందా అని డాక్టరుగారు అడిగినారు. మా కొంపలో సీసం ఎక్కడిదే?" అంది అక్క.

సాయంత్రం బుజ్జిని చంకనేసుకుని, గిన్నెలు పోసే మనిషి దగ్గరికి నన్ను తీసుకెళ్ళింది. "నాది అక్కదానికన్నా మెరవాల, భయ్యా" అన్నాను.

"చమక్ కావాలంటే సీసం ఎక్కువ వేస్తా, దీదీ. అక్కగారి దాంట్లోనూ వేశాను, పాత బ్యాటరీలది."

"ఏటేసినావు?" అంది అక్క. అతను బ్యాటరీ రేకుల కుప్ప చూపించాడు. అక్క బుజ్జి నోటివంక చూసి, ఇంటిదారి పట్టింది. చారు పారబోసి, గిన్నెను బండరాయికేసి చితక్కొట్టింది.

రాత్రి అక్కడే ఉండి, మర్నాడు వాళ్ళతో ఆసుపత్రికి వెళ్ళాను. పులుపుకి సీసం కరిగి చారులో దిగుతుందని, ఆ తీపి దానిదేనని డాక్టరుగారు చెప్పారు. పిల్లలకి రక్తం తగ్గుతుందట, బుర్ర కూడా మందగిస్తుందట. బుజ్జికి మందులు మొదలుపెట్టారు.

అందరూ మెచ్చిన గిన్నెను అక్క క్షణంలో చితక్కొట్టింది. నేనైతే ముందు ఒక్కసారి చారు కాచి మా ఆయన చేత బాగుందనిపించుకునేదాన్నేమో. ఇప్పుడు ఆ చారు మీద కాదు, అక్క మీదే నాకు అసూయ.

నువ్వు నందిని వెళ్ళినా గిన్నె మాత్రం తేకు. పులుపు స్టీలు గిన్నెలోనో మట్టికుండలోనో కాచుకో. చదివాక ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టెయ్. మీ బావ చూశారంటే, వదిన చారుకి నేనెంత ఏడ్చానో తెలిసిపోతుంది.