మా మరిది విప్పని సిలిండరు

మా మరిదిని బజారులో అందరూ గాభరా అంటారు. చిన్నప్పుడు మా ఆయన పెట్టిన పేరది. తలుపుకు గొళ్ళెం పెట్టి పది అడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూసుకునేవాడట. నేను ఈ ఇంటికి వచ్చేసరికి అతనికి పన్నెండేళ్ళు. అన్నం తింటున్నా ఒక కాలు ఆడుతూనే ఉండేది, పళ్ళెం పక్కన గ్లాసు టకటకలాడేది. "వాడి కాలికి ఎవరైనా బ్రేకు వేయండి" అనేవారు మా ఆయన.

చివరికి బ్రేకుల పనిలోనే కుదురుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా రేకుల షెడ్డులో అదొక్కటే పని. ఇంజను చూడమని ఎవరైనా వస్తే పక్క వీధికి పంపేస్తాడు. "కదలని బండితో ఎవరికీ ప్రమాదం లేదు వదినా. ఆగని దానితోనే నా గొడవంతా" అంటాడు.

ఆ పనిలో ఒక తిరకాసు ఉంది. బ్రేకు నూనె గొట్టాల్లో గాలి చేరితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కిపట్టాలి. ఇంకొకరు చక్రం పక్కన పడుకుని చిన్న మర వదులు చేసి, గాలి పోయాక బిగించాలి. బిగించకముందే పైనున్నవాళ్ళు కాలు తీశారా, గాలి మళ్ళీ లోపలికి పోయి పని మొదటికి వస్తుంది. మరిదికి ఎప్పుడూ మా ఆయనే తొక్కిపెట్టేవారు. షెడ్డులో ఎవరి బండి ఉన్నా సరే, ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగేవాడు.

ఆయన పోయి ఏడు నెలలయింది. నిద్రలోనే, ఎవరినీ లేపకుండా పోయారు. ఆయన పాత జీపు ఇంటి పక్క సందులో టార్పాలిన్ కింద ఉండిపోయింది.

మా అమ్మాయి నర్సు. కొండ మీది పల్లెలకు తిరిగి పిల్లలకు టీకాలు వేసే ఉద్యోగం దొరికింది. సోమవారంకల్లా కొండెక్కే బండి సొంతంగా ఉండాలన్నారు. లేకపోతే వరుసలో తర్వాతి మనిషికి ఇస్తారు. "మా నాన్న జీపుంది" అని చెప్పేసి ఇంటికి వచ్చింది. నేను కాదనలేదు. కానీ ఆ రోజు నుంచి నా చేతులు ఒకచోట నిలవలేదు. తోమిన గిన్నెలనే మళ్ళీ తోమాను.

ఆ దారిలో రెండు వాగులు దాటాలి, తిరిగి వచ్చేటప్పుడు నిట్టనిలువు దిగుడు. జీపుకు నాలుగు చక్రాలకూ పాతకాలపు డ్రమ్ము బ్రేకులే. వాగులో దిగితే డ్రమ్ముల్లోకి నీళ్ళు చేరి పట్టవు, పట్టినా బండిని ఒక పక్కకు ఈడుస్తాయి.

"ముందు రెండు చక్రాలకీ డిస్కులు వేస్తా వదినా. అవి బయటికే ఉంటాయి, నాలుగు చుట్లు తిరిగితే ఆరిపోతాయి" అన్నాడు మరిది. పాత సామాన్ల కొట్లో వెతికి డిస్కులు తెచ్చాడు. అవి కూర్చునేందుకు కావలసిన పట్టీలు పక్క షెడ్డు లేత్ మేస్త్రీ చేసిచ్చాడు. శుక్రవారం గాలి తీయడం దగ్గరికి వచ్చింది. పెడల్ తాను తొక్కుతానని లేత్ మేస్త్రీ ఎక్కబోతే మరిది ఒప్పుకోలేదు.

"నువ్వు తొక్కితే జీపు బ్రేకులా ఉండదు, కుట్టుమిషనులా ఉంటుంది. దిగు."

"అయితే మీ వదినని కూర్చోబెట్టుకో. ఏడు నెలలుగా పెదవే కదపని మనిషి, కాలేం కదుపుతుంది" అన్నాడతను.

టీ ఫ్లాస్కు ఇవ్వడానికి వచ్చి గుమ్మంలోనే ఉన్నాను. చెప్పులు విడిచి జీపెక్కాను.

"తొక్కు వదినా."

"తొక్కాను."

"పట్టి ఉంచు... ఉంచు... ఆఁ, బిగించా. ఇప్పుడు వదులు."

నాలుగు చక్రాలూ అలాగే అయ్యాయి. కాలు పిక్క లాగేసినా తీయలేదు. పెడల్ గట్టిపడింది.

మా అమ్మాయి శనివారం వెళ్ళి అడిగింది. "అయిందా బాబాయ్?"

"అయింది తల్లీ. ఒకసారి చూసి ఇస్తాను."

సాయంత్రం మళ్ళీ అడిగితే చక్రాలన్నీ ఊడదీసి కూర్చున్నాడు. "నువ్వు చూసి ఇచ్చేసరికి నాకు పెన్షనొస్తుంది" అంది అది.

ఆదివారం ఉదయం ముగ్గురం చదును రోడ్డు మీద చూడడానికి వెళ్ళాం. గుంజలేదు, జారలేదు, చెప్పినచోట ఆగింది. అయినా మరిది మొహం తేటపడలేదు. షెడ్డు ముందు ఆపగానే ఇంకో రెండు రోజులు కావాలన్నాడు.

"ఏం బాగాలేదో చెప్పు."

"తెలీదమ్మా. ఏదో ఉంది."

"నాన్న ఉంటే నిన్ననే ఇచ్చేసేవాడివి" అంది మా అమ్మాయి.

మరిది చేతిలోని స్పానరు అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. నాకు అక్కడ ఉండబుద్ధి కాక జీపు దిగి ముందుకు నడిచాను. ఏదో మాడు వాసన. పొయ్యి దగ్గర మసిగుడ్డ అంటుకోబోయే ముందు వచ్చే వాసన లాంటిది. ఒంగి, పిల్లలకు జ్వరం చూసినట్టు, ముందు చక్రానికి వెనక చెయ్యి ఆనించాను. చురుక్కుమంది. రెండో పక్కదీ అంతే. డ్రమ్ములే ఉన్న వెనక చక్రాలు చల్లగా ఉన్నాయి.

"ఇలా రావయ్యా" అన్నాను. "నాలుగుసార్లు ఆపినందుకు ఇంత వేడెక్కుతుందా?"

మరిది తాకి చూసి చెయ్యి లాక్కున్నాడు. జాకీ వేసి లేపితే చక్రం చేత్తో తిరగలేదు. కింద పడుకుని మర కాస్త వదులు చేశాడు. బ్రేకు నూనె చిమ్మి మొహాన పడింది.

"కాలు తియ్యి తల్లీ."

"నా కాలు పెడల్ మీద లేదు బాబాయ్. నేను కిందే ఉన్నా."

నూనె పోగానే చక్రం హాయిగా తిరిగింది. మరిది లేవలేదు. ఆ మొహంతోనే కింద పడుకుని కాసేపు పైకి చూశాడు.

లేత్ మేస్త్రీ వచ్చి బానెట్ ఎత్తాడు. "ఏరా గాభరా, పాత మాస్టర్ సిలిండరే ఉంచేశావా? ఇన్నేళ్ళ సర్వీసులో ఇదేం పనిరా."

పెడల్ తొక్కినప్పుడు నూనెను చక్రాలకు తోసేది ఆ సిలిండరే. డ్రమ్ముల కోసం చేసిన దాంట్లో చిన్న వాల్వు ఉండి, కాలు తీసినా కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచుతుందట. డ్రమ్ములకు అది కావాలి. డిస్కులను మాత్రం అది వదలకుండా ఒరిపిస్తూనే ఉంటుంది. కొండ దిగుడులో అలా కాలిపోతే చివరి మలుపుకు బ్రేకే ఉండదు.

"తెలుసు వదినా" అన్నాడు మరిది. "ఎవరి బండైనా ముందు అదే మారుస్తా. కొత్తది కూడా తెచ్చాను. బల్ల కింద డబ్బాలో ఉంది."

"మరి?"

"అది అన్నయ్య బిగించింది. పోయిన ఏడాది. ఒక్కసారైనా నన్ను చెయ్యనీరా అని, తనే బిగించాడు. బిగించి ఏడాదేగా, పనిచేస్తుందిలే అనుకున్నా. మూడుసార్లు అన్నీ విప్పాను, దాని జోలికి మాత్రం పోలేదు."

మా అమ్మాయి అటు తిరిగి నిలుచుంది. మరిది స్పానరు నట్టుకు తగిలించాడు కానీ తిప్పలేదు.

"ఇటివ్వు" అన్నాను. "మీ అన్నయ్య బిగింపు సంగతి నాకు తెలుసు. ఇంట్లో సీసా మూతలన్నీ ముప్పై ఏళ్ళు వేడినీళ్ళు పోసి విప్పుకున్నదాన్ని."

రెండు చేతులా పట్టి ఒరిగి లాగాను. మొదట రాలేదు. తర్వాత కిర్రుమని వచ్చింది. రెండో నట్టు మరిది విప్పాడు.

కొత్తది బిగించి మళ్ళీ మొదటి నుంచి గాలి తీశాం. ఈసారి తిప్పి తెచ్చాక చక్రాలు చల్లగా ఉన్నాయి. పొద్దువాలకముందే తాళాలు ఇచ్చేశాడు.

సోమవారం అమ్మాయి వెళ్ళింది. మరిది షెడ్డు తీయలేదు. మా వసారాలో కూర్చుని కాలు ఆడిస్తున్నాడు, గ్లాసు టకటకమంటోంది. నేను ఉతికిన బట్టలు రెండుసార్లు మడత పెట్టాను.

"ఇది ఎక్కడ పెట్టను వదినా?" అని సంచిలోంచి పాత సిలిండరు తీశాడు. తుడిచి తెచ్చాడు.

"పనిచేసేదేగా. డ్రమ్ముల బండి ఏదైనా వస్తే దానికి వెయ్యి."

"చూస్తాను" అని మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

నాలుగున్నరకు జీపు వచ్చింది. మడ్‌గార్డుల దాకా బురద. అమ్మాయి దిగకముందే మరిది వెళ్ళి ఒంగి, చక్రాలకు వెనక చెయ్యి ఆనించాడు. కొండ దిగాక ఊరిదాకా అంతా చదునే కనుక చల్లారి ఉండాలి. నాలుగూ చూశాడు. "బాగానే ఉన్నాయి" అన్నాడు.

"రేపు ఎన్నింటికి తల్లీ?"

"ఆరింటికి."

"ఐదున్నరకు వస్తా. ఒకసారి చూసి ఇస్తాను."

అమ్మాయి నావైపు చూసింది. మరిది గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, మొదటి చక్రం దగ్గర ఒంగాడు.