టైటిల్ పేజీ అడుగున అంకె

మా వదిన పుస్తకాలకు టైటిల్ పేజీలు కూరుస్తుంది. ప్రెస్సు వెనకగదిలో కిటికీ పక్కన ఆమె కంప్యూటరు. మౌసుతో అక్షరాలను అటూ ఇటూ లాగడం ఆమెకు గిట్టదు. పుస్తకం పేరేది, రాసిందెవరు, మధ్యలో ఎంత జాగా వదలాలి అని వరుసగా ఆదేశాలు రాస్తుంది. పేజీ దానంతట అదే కుదురుకుంటుంది. మొదటి పేజీ అడుగున అంకె పడకుండా ఆపడానికీ ఓ ఆదేశం ఉంది. అది మరిచిపోయినవాళ్లకు మూడినట్టే. "పుస్తకం మొహానికి నంబరేంటి బాబూ, జైలా?" అంటుంది.

మా నాన్న తాళాలు బాగుచేసేవాడు. పని మానేశాక తాళాల మీదే పుస్తకం రాశాడు. కూర్చింది వదినే. వారం వారం ప్రూఫు చూసి మళ్లీ ఏదో ఒకటి దిద్దేవాడు. టైటిల్ పేజీలో తేదీ దగ్గర వదిన ఏమీ రాయలేదు. అలా వదిలేస్తే ఏ రోజు ప్రూఫు తీస్తే ఆ రోజు తేదీ పడుతుంది. దాంతో ఆయన పుస్తకం ఎప్పుడూ కొత్తదే. "తొందరేముంది?" అనేవాడు.

తొందర ఉంది. ఆయన చూపు తగ్గిపోతోంది. అచ్చు చదవగలిగేది ఇంకొన్ని నెలలేనని డాక్టరమ్మ చెప్పేసింది. తన పుస్తకం తన కళ్లతో చదువుకోవాలని ఆయన కోరిక. ఈ దిద్దుబాటు తెమలదేమోనని మా బెంగ. నేను ఎన్ని చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఓ రోజు ప్రూఫు చూస్తూ నాన్న కళ్లజోడు సర్దుకున్నాడు.

"అమ్మాయ్, పోయిన వారం తేదీ పడిందేంటి?"

"నేనే రాశాను మామయ్యా. పుస్తకం ఆ రోజే అయిపోయింది."

"ఎవరన్నారు?"

"ఈ వారం మీరు చేర్చిన వాక్యం, కిందటి నెల మీరే కొట్టేసింది."

నాన్న ప్రూఫు మడిచి ఆమె చేతికిచ్చాడు.

"సరే, అచ్చుకిచ్చెయ్. నా పేరు మాత్రం కాస్త పెద్దది చెయ్."

ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని వదిన టైటిల్ పేజీ గబగబా కొత్తగా రాసి, అప్పటికప్పుడే పంపేసింది.

పుస్తకం ఇంటికొచ్చే వేళకు నాన్న మంచినీళ్ల గ్లాసు కోసం బల్ల తడుముతున్నాడు. ఆలస్యం చేశామేమో అనుకున్నాను. ఆయన పుస్తకం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. మొదటి పేజీ మీద వేలు పెట్టి, పైనుంచి కిందికి మెల్లగా జరిపాడు.

"అమ్మాయ్, అడుగున ఈ ఒకటేంటి?"

వదిన వంగి చూసింది. ఆ పేజీ మొత్తానికి ఆ అంకె కంటే చిన్న అచ్చు లేదు. ఇంకెవరైనా చేసుంటే వీధంతా వినపడేలా తిట్టేది.

"కనపడుతోందా మామయ్యా?" అంది.

"కనపడక? మొహానికి నంబరేంటమ్మా, జైలా?" అని, నాన్న పేజీ తిప్పి చదవడం మొదలుపెట్టాడు.