రక్తం మల్లొక్కసారి చూడక్కా

దయ్యాల సంగతులు చెప్పేవాళ్ళ దగ్గర నేను కూర్చునేదాన్ని కూడా కాదు. మాది కోరుట్ల. జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఒంట్లో ఏమున్నా రక్తమే చెబుతుందని నమ్మే మనిషిని. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని అనడం లేదు. జరిగింది మాత్రం చెబుతాను.

ఆ ఎండాకాలం సిరిసిల్ల నుంచి సుజాత అనే అమ్మాయిని తెచ్చారు. మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టేది. నూలుకు నిప్పంటుకుని వీపూ, చేతులూ కాలాయి. పొగకు గొంతు వాచి ఊపిరాడకపోతే, వచ్చీ రాగానే నోట్లోంచి గొట్టం వేశారు. భర్త మస్కట్‌లో ఉన్నాడు. అత్త రాజవ్వ ఐసీయూ బయట బెంచీ మీదే ఉండేది.

కాలిన ఒంటికి జ్వరం ఎలాగూ ఉంటుంది. తెల్లకణాలు, సీఆర్‌పీ కూడా పెరిగే ఉంటాయి. రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకిందో లేదో వాటితో తేల్చడం కష్టం. అందుకే డాక్టర్‌గారు ప్రొకాల్సిటోనిన్ అనే ఇంకో పరీక్ష రోజూ పొద్దున చేయించేవారు. అది ఉన్నట్టుండి పెరిగితే సెప్సిస్ మొదలైందని అనుమానించాలి.

ఒక రోజు పొద్దున అది తక్కువగానే వచ్చింది. రాజవ్వకు నేనే చెప్పాను.

“నీ కడుపు సల్లగుండ బిడ్డా” అంది.

మధ్యాహ్నం అన్నం తిని చేతులు కడుక్కుంటుంటే ల్యాబ్‌లో ఇంటర్‌కమ్ మోగింది.

“రక్తం మల్లొక్కసారి చూడక్కా. బాగ సలి వెడుతుంది.”

“ఎవరిది?” అన్నాను.

“సుజాతది.”

సన్నటి గొంతు. అక్కా అన్నప్పుడు చివర కొంచెం సాగదీసింది. కొత్త నర్సేమో అనుకుని పైకి వెళ్ళాను.

ఐసీయూలో ఉన్న సిస్టర్ నన్ను వింతగా చూసింది. “మేమెవ్వలం ఫోన్ చెయ్యలేదక్కా.” రాజవ్వ లోపలికే రాలేదట. సుజాత కళ్ళు మూసుకుని ఉంది, నోట్లో గొట్టం అలాగే ఉంది. పాదం ముట్టుకుంటే చల్లగా తగిలింది. డాక్టర్‌గారికి ఫోన్ చేస్తే, అనుమానంగా ఉంటే మళ్ళీ రక్తం తీయమన్నారు. తీశాను.

ప్రొకాల్సిటోనిన్ పొద్దుటిదానికి ఎన్నో రెట్లు వచ్చింది. మెషీన్ తప్పేమోనని మళ్ళీ పెట్టాను. అంతే వచ్చింది.

డాక్టర్‌గారు పరుగున వచ్చారు. ఏ క్రిమో తేల్చే కల్చర్‌కు రక్తం పంపి, మందులు మార్చి, మెడలో మందులెక్కించే లైన్ తీసేసి కొత్తది వేశారు. సాయంత్రానికి బీపీ పడిపోయింది. కానీ అప్పటికే మందు ఎక్కుతోంది. మర్నాడు పొద్దుటిదాకా ఆగి ఉంటే దక్కేది కాదని ఆయనే అన్నారు.

ఆ ఫోన్ ఎవరు చేశారని అందరినీ అడిగాను. ఎవరూ ఒప్పుకోలేదు. నాకు నిలకడ లేకుండా పోయింది. నర్సులు, ఆయాలు, కోరుట్ల బస్సులో పక్క సీట్లోవాళ్ళు, ఎవరు మాట్లాడినా ఆ గొంతుతో పోల్చేదాన్ని.

కొన్నాళ్ళకు సుజాతకు గొట్టం తీశారు. వెళ్ళి మాట్లాడించాను. బొంగురు గొంతు, గరగరలాడుతోంది. ఫోన్‌లో విన్న గొంతు ఇది కాదని కొంచెం స్థిమితపడ్డాను. ఆ రోజుల సంగతి తనకేమీ గుర్తులేదంది.

తర్వాత ఒకసారి కట్టు మార్పించుకోవడానికి వచ్చింది. మస్కట్ నుంచి భర్త వచ్చి ఉన్నాడు. ఆమె లోపల ఉండగా అతను నాతో మాట్లాడాడు.

“గొంతు గిట్లయిందని మస్తు రంది వెట్టుకుందక్కా. గిట్ల కాలకముందు పంపిన వాయిస్ మెసేజీలు నేనింక తీసెయ్యలే.”

ఫోన్‌లో ఒకటి పెట్టాడు.

“తిన్నవా? పని కాడ ఎండ బాగ కొడుతుందా?”

అదే సన్నటి గొంతు. చివర అదే సాగదీత. ఇంకొక్కసారి పెట్టమన్నాను.

“ఏమైందక్కా?”

“ఏం లేదు” అన్నాను.

డాక్టర్‌గారికి ఒక్కరికే చెప్పాను. ఐసీయూలోంచి ఎవరో బంధువు చేసి ఉంటుందని అన్నారు. కావచ్చు. కానీ ఆ రోజు ఐసీయూలోకి ఏ బంధువూ రాలేదు.

ఇప్పుడు రిపోర్టు బాగున్నా నా కాలు నిలవదు. మెట్లెక్కి వెళ్ళి పేషెంటు పాదం ఒకసారి ముట్టుకుని వస్తాను. ఎందుకని సిస్టర్లు అడుగుతారు. చలి పెడుతోందేమో చూశానంటాను.