మేడమ్ మెయిళ్ళు తీసేసింది నేనే

నేనొక అబద్ధం ఆడాను. ఒక్క వాక్యం. దాన్ని చెప్పడానికి క్షణం పట్టలేదు, మోయడం మాత్రం ఇన్నేళ్ళయినా అవలేదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకు చెప్తున్నాను, ఎందుకంటే మీరు నా ముఖం చూడలేరు. చూస్తుంటే నేను చెప్పలేను.

పేర్లు అడగకండి. నాచారంలో ఒక చిన్న ఫ్యాక్టరీ. ప్రెస్సు మిషన్ల మీద ఇనప రేకుల్ని కోసి, వంచి, మోటార్లకు విడిభాగాలు చేసేవారు. షెడ్డులో పని సార్ చూసుకునేవారు. ముందు గదిలో ఆఫీసు పనంతా ఆయన భార్య. ఆవిడను అందరం మేడమ్ అనేవాళ్ళం. వాళ్ళ కంప్యూటర్లు బాగుచేసే పని నాది.

ఆ మొగుడూ పెళ్ళాలకు ఒక అలవాటుండేది. మిషన్ల మోతకు ఫోన్ వినపడదు, గొంతు చించుకున్నా వినపడదు. అందుకని గోడకు ఇవతల నుంచి మేడమ్ అవతలున్న సార్ కంప్యూటర్‌కు మెయిల్ కొట్టేవారు. లారీ వచ్చిందని, బిల్లు పంపానని, మధ్యలో "తిన్నవా?" అని, "బీపీ గోలి ఏస్కున్నవా?" అని. తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. సార్ చేతులకు నూనెతోనే వచ్చి, ఒక వేలితో ఒక ముక్క కొట్టి పోయేవారు. ఆవిడ పంపిన మెయిల్ చదవగానే సార్ తీసేసేవారు కూడా, ఆర్డర్ల మధ్య అడ్డమని. "నువ్వు తీసేస్తవ్, నేను దాస్త" అని మేడమ్ నా ముందే ఆయన్ను ఆటపట్టించేవారు. నేనూ నవ్వేదాన్ని.

తర్వాత మేడమ్‌కు జబ్బు చేసింది. ఓపికున్న రోజు ఆఫీసుకు, లేని రోజు ఆసుపత్రికి. చివరి వారం దాకా అలాగే వచ్చారు. పోయారు. ఆవిడ కంప్యూటర్ మీద ఎవరూ చెయ్యి వేయలేదు.

ఫ్యాక్టరీ మెయిలంతా మెట్ల కింద ఒక పాత కంప్యూటర్‌లో ఉండేది. కరెంటు పోతే మెయిలూ పోయేది. జవాబులు ఆలస్యమై పెద్ద కంపెనీల వాళ్ళతో చీవాట్లు. నేనే పోరాను. ఈ తలనొప్పి మనకెందుకు సార్, మెయిలంతా బయటి కంపెనీకి అప్పగిద్దాం, వాళ్ళ సర్వర్లలో భద్రంగా ఉంటుంది, ఏదీ పోదు అన్నాను. ఏదీ పోదని ఈ నోటితోనే అన్నాను.

సార్ ఒక్కటే అడిగారు. "మా ఆమెది సుత తీస్కపోతవు గద బిడ్డా? ఇప్పుడైతే సూడలేను. మనసు జర కుదుటవడ్డంక సదువుకుంట. మర్శిపోకు."

మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

ఆదివారం, ఫ్యాక్టరీకి సెలవు. ఒక్కొక్కరి మెయిల్‌బాక్సూ కొత్త చోటికి కాపీ చేస్తూ కూర్చున్నాను. ఈ పనిలో ఒక పద్ధతుంది. కాపీ అయ్యాక కొత్త చోట తెరిచి అన్నీ వచ్చాయో లేదో చూడాలి, ఆ తర్వాతే పాతదాన్ని తుడవాలి. అందరివీ చూశాను. మేడమ్‌ది అన్నిటికన్నా పెద్దది, అందుకని ఆఖర్న పెట్టాను. దాని వంతు వచ్చేసరికి సాయంత్రం కావస్తోంది. ఆ రోజు ఉప్పల్‌లో క్రికెట్ మ్యాచ్. మా వైపు వాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు, జనం దిగేలోపు ఉప్పల్ చౌరస్తా దాటకపోతే స్కూటీ మీద నరకమే. నేనుండేది బోడుప్పల్. తెర మీద పూర్తయినట్టు కనిపించింది. నమ్మాను. కొత్త చోట తెరిచి చూడలేదు. పాత కంప్యూటర్‌ను మర్నాటి నుంచి డ్రాయింగులకు వాడుకుంటామన్నారు కదా అని, శుభ్రంగా తుడిచేసి తాళం వేశాను.

చౌరస్తా హాయిగా దాటాను. ఇంటికెళ్ళి టీ పెట్టుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరు, నాకోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. మరి ఎందుకంత తొందర? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. ట్రాఫిక్‌లో నిలబడటం ఇష్టం లేక, అంతే.

ఆ వారంలోనే సార్ నా కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డారు. చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చారు. ఆయన చేతులు అంత తెల్లగా ఎప్పుడూ చూడలేదు.

"బిడ్డా, ఇయ్యాల ధైర్యం జేసి తెరిసిన. మా ఆమె దాంట్ల ఏం కనిపిస్తలేవు. జర సూడు."

చూశాను. ఖాళీ. కాపీ మొదట్లోనే ఆగిపోయి, అయిపోయినట్టు చూపించింది.

"సార్... మేడమ్ గారే తీసేసినట్టున్నారు. పాతదాంట్లో కూడా ఏమీ లేవు."

"ఆమెనే తీసేసిందా? అన్నీ?"

"అన్నీ సార్."

సార్ ఆ ఖాళీ తెర వైపు చూస్తూనే మెల్లగా అన్నారు, "దవాఖానకు తోలుకపో అని రాస్తుండె. ఆర్డర్ ఉన్నదని డ్రైవర్‌ను పంపిన. ఒక్కసారి సుత నేను పోలే. గందుకే తీసేసినట్టుంది."

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. సర్వర్ పాడైందని కూడా అనొచ్చు, కానీ అలా అంటే తప్పు నా పనిదవుతుంది. నాచారంలో చిన్న ఫ్యాక్టరీల వాళ్ళందరూ ఒకరికొకరు తెలుసు, నాలుగు రోజుల్లో నాకు పని ఇచ్చేవాళ్ళుండరు. చనిపోయిన మనిషి మీద వేస్తే ఎదురు చెప్పడానికి ఆవిడ రాదు. ఇంత లెక్క ఆ ఒక్క క్షణంలో వేసుకున్నానా? వేసుకునే ఉంటాను. నేనంత మంచిదాన్ని కాదు.

ఆ తర్వాత సార్ ముందు గదిలోకి రావడం మానేశారు. మధ్యాహ్నం కూడా షెడ్డులో మిషన్ పక్కనే నిలబడి తినేవారు. మేడమ్ సంవత్సరీకానికి రామంతాపూర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. మేడమ్ చెల్లెలితో ఆయన అంటుంటే విన్నాను, "మీ అక్క నా మీద అలిగే పోయిందే. రాసినయన్నీ తుడ్సేసి మరీ పోయింది. ఈ బిడ్డకు ఎరుకే, అడుగు." ఆమె నా వైపు చూసింది. నేను అవునన్నట్టు తలూపాను. తర్వాత విస్తరి ముందు కూర్చుని అన్నం తిన్నాను. ఎలా తిన్నానో.

మొన్న ఎండాకాలంలో సార్ పోయారు. ఆ మాట నమ్ముతూనే పోయారు.

ఇంకొకటుంది. అసలు బరువు ఇదే. ఆ ఆదివారం కాపీ పెట్టే ముందు మేడమ్ మెయిల్‌బాక్సు తెరిచాను. అందులో సార్ పేరుతో ఒక విడి ఫోల్డర్ కనిపించింది. ఊరుకోలేక చూశాను. ఆయన ఒక వేలితో కొట్టిన జవాబులు. "సరే." "తిన్న." "వస్తున్న." ఏళ్ళ తరబడివి, ఒక్కటీ వదలకుండా దాచుకున్నారు. అన్నిటికన్నా పైన ఆఖరి నెలది. "ఇయ్యాల కాదు, డ్రైవర్ వస్తడు." అది కూడా తీసేయలేదు. అదే ఫోల్డర్‌లో పెట్టుకున్నారు.

ఇది నా కళ్ళతో చూసి కూడా ఆయనతో ఆ మాట అన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఇన్నాళ్ళకు ఒక మనిషితో చెప్పాను, కాస్త ఊపిరాడుతోంది, అంతే. మేడమ్ ఆయన మీద కోపంతో పోలేదు. ఇది సార్‌కు చెప్పాల్సిన మాట. మీకు చెప్పాను.