గడ్డ కట్టిన సూదిమందు

మా మామ కుక్కపిల్లను ఇంటికి తెచ్చిన రోజే నా కత్తెర పాడైంది. కంగ్టి దిక్కు ఎవరో గొర్లకాపరి దగ్గర పాలు మరిచిన పిల్లను అడిగి, గొంగట్లో చుట్టుకుని బస్సులో తెచ్చాడు. తెచ్చినవాడు కుదురుగా కూర్చుంటేగా! నేను పొయ్యి దగ్గర ఉన్నది చూసి, కుట్టుమిషన్ మీది కత్తెర తీసుకుని దాని రెండు చెవుల కొసలూ కత్తిరించి బూడిద అద్దాడు. చెవులు కోస్తే కుక్కకు పౌరుషం వస్తుందని మా దిక్కు నమ్మకం. అది కుయ్యోమని అరుస్తుంటే బయటికొచ్చి చూశాను. నా కత్తెర నెత్తుటితో వాకిట్లో బండ మీద పడి ఉంది.

"మామా, గది జాకెట్లు కోసే కత్తెర. గదే దొరికిందా నీకు?"

"ఏందే గంత లొల్లి? కడిగితే పోదా?" అన్నాడు.

కడిగితే నెత్తురు పోయింది. బండ మీద విసిరినందుకు తిరిగిపోయిన మొన మాత్రం మళ్లీ సరి కాలేదు.

దాచేదేముంది, మా ఇద్దరికీ మొదటినుంచీ పడదు. అప్పటికి నేను నారాయణఖేడ్‌కు కాపురానికొచ్చి నాలుగేళ్లు. మా ఆయన పొద్దున బస్సు డిపోలో పనికి పోతే చీకటి పడ్డాకే వచ్చేవాడు. అత్త నా పెళ్లికి ముందే పోయింది. ఇంట్లో పగలంతా నేనూ, మామా, రెండేళ్ల నా బిడ్డా. ఆయనకు నా మిషన్ చప్పుడు గిట్టదు, నాకు ఆయన దగ్గు గిట్టదు. నేను వండింది కడుపునిండా తిని, బాగాలేదని పక్కింటికి వినపడేలా చెప్పేవాడు. నేనూ తక్కువదాన్ని కాదు. అలా అన్న మర్నాడు కూరలో ఉప్పు మరిచిపోయేదాన్ని.

కుక్కపిల్ల మీద నాకు ప్రేమా లేదు, దోమా లేదు. భయం ఉంది. ఎనిమిదేళ్లప్పుడు నన్ను కుక్క కరిచింది. మా నాయన విషం దిగుతుందని నాతో ఏడు బావుల్లోకి తొంగి చూయించి, గాయానికి మిరప్పొడి పెట్టి, అయినా మనసొప్పక సర్కారు దవాఖానకు ఎత్తుకుపోయాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. ఆరో రోజుకు పొట్ట మీద వేలు పెట్టే జాగా లేదు. ఇప్పటికీ కుక్క మొరిగితే నా చెయ్యి పొట్ట మీదికే పోతుంది. అలాంటి నా కళ్ల ముందు నా బిడ్డ దాని తోక గుంజుతూ, దాని నోట్లో వేలు పెడుతూ తిరుగుతుంటే మిషన్ వదిలి మాటిమాటికీ లేచి పరుగెత్తేదాన్ని.

అందుకే ముఖం మీదే చెప్పాను. "మామా, కుక్క ఇంట్ల ఉండాల్నంటే దానికి పిచ్చి లేవకుండ సూది ఏయించు. లేకుంటే తెచ్చిన కాడ్నే ఇడిసిరా."

అప్పుడు మామ అరుగు మీద నలుగురితో కూర్చుని ఉన్నాడు. "ఇన్నరా? కుక్కకు సూదంట! రేపు పిల్లికి కళ్లద్దాలు పెట్టియ్యమంటది. బోరంచ పోచమ్మకు కోడిని మొక్కిన, మెడల నల్లదారం కట్టిన. ఇగ దానికేమైతది?"

"కోడికి పైసలున్నయి గానీ సూదికి లెవ్వా?"

"కోడినైతే మనమే తింటం గదనే!" అన్నాడు. అరుగంతా గొల్లుమంది. ఆ నవ్వుకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎట్లాగైనా సూది వేయించి తీరాలని అప్పుడే అనుకున్నాను, బిడ్డ కోసం సగం, ఆ నవ్వు కోసం సగం.

పశువుల దవాఖానకు నేనే పోయాను. కాంపౌండర్ నెమ్మదైన మనిషి. "బర్లకు, గొర్లకు మందు సర్కారే ఇస్తది. కుక్కకు రాదమ్మా. పట్నంల కొనుక్కరా, నేను ఏస్త" అన్నాడు. పట్నం అంటే హైదరాబాదే. మందు ధర, రానూపోనూ బస్సు చార్జీలు, దారిలో ఐసుగడ్డ, అన్నీ కలిపి చూసుకుంటే పదహారు జాకెట్ల కుట్టుకూలి. కుక్కేమో ఊరికే వచ్చిందాయె! మా ఆయనను అడిగితే "నాయనను అడుగు" అన్నాడు. మహానుభావుడు, ఇంట్లో ఏ గొడవకైనా ఆయన తీర్పు అదే.

పదహారు జాకెట్లూ ఆ మొండి కత్తెరతోనే కోసి కుట్టాను. మా ఎదురింటి టీచరమ్మ దగ్గర ఫ్లాస్కు అడిగి తీసుకున్నాను. దారం రీళ్లు కొనాలని ఇంట్లో చెప్పి, బిడ్డను చంకనేసుకుని పట్నం పోయాను. మందుల షాపాయన చిన్న సీసాను ఫ్లాస్కులో ఐసు మధ్య పెట్టి, ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "చల్లగ ఉండాలె, గడ్డ మాత్రం కట్టొద్దమ్మా. గడ్డ కడితే అది మందు గాదు, ఉత్త నీళ్లు."

తిరిగి ఖేడ్‌లో దిగేసరికి శనివారం సాయంత్రం. పశువుల దవాఖానకు తాళం పడింది, సోమవారం దాకా తెరవరు. ఫ్లాస్కు మూత తీస్తే ఐసంతా కరిగి నీళ్లు. మా గల్లీలో ఫ్రిజ్ ఉన్న ఇల్లే లేదు. నాకు తెలిసిన చల్లటి చోటు ఒక్కటే, ఐస్‌ఫ్రూట్లు తయారుచేసే ఆయన పెద్ద పెట్టె. గుడ్డలో నాలుగు చుట్లు చుట్టి పెడితే గడ్డ కట్టదులే అనుకున్నాను. ఆయనను బతిమిలాడి పెట్టించాను.

సోమవారం పొద్దున తీస్తే సీసా రాయిలా ఉంది. అక్కడే కూలబడి ఏడ్చాను. తర్వాత దాన్ని చంకలో పెట్టుకుని, కరిగేదాకా ఊరంతా తిరిగి తిరిగి, కుక్కపిల్లను తాడుతో గుంజుకుంటూ దవాఖానకు పోయాను. కాంపౌండర్ సీసాను వెలుతురుకు పట్టి చూసి, "గడ్డ కట్టలేదు గదా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను.

మళ్లీ పదహారు జాకెట్లు కుట్టే ఓపిక లేదు. మామ ముందు ఓడిపోయే ఓపిక అంతకంటే లేదు. కాంపౌండర్ సూది పొడిచి, కాగితం రాసి, ముద్ర కొట్టి, ఏడాదికి మళ్లీ వేయించమన్నాడు. ఆ కాగితాన్ని మిషన్ పైన గోడకు మేకు కొట్టి తగిలించాను. మామ అటుగా వచ్చినప్పుడల్లా నేను కాగితం వైపు చూసేదాన్ని, ఆయన తల తిప్పుకునేవాడు. బిడ్డను మాత్రం కుక్క దరిదాపులకు పోనివ్వలేదు. ఎందుకో నాకొక్కదానికే తెలుసు.

ఆరేడు నెలలు గడిచాయి. ఒకరోజు గల్లీలోకి పిచ్చికుక్క వచ్చి మా కుక్కతో కలబడింది. దాన్నైతే కొట్టి చంపారు గానీ, మూడు వారాలకు మా కుక్క, తన కాలిలో ముల్లు తీస్తున్న మామ చేతిని ఎముక తగిలేలా కొరికింది.

సర్కారు దవాఖానకు నేనూ వెంట పోయాను. కుక్కకు సూది వేయించారా అని డాక్టర్ అడిగాడు. మామ జన్మలో మొదటిసారి నన్ను మెచ్చుకున్నాడు. "మా కోడలు ఏయించింది సార్. పట్నం కెల్లి తెచ్చి ఏయించింది. కాగితం సుత ఉంది."

"అయితే కాగితం తీసుకురా. పది రోజులు కుక్కను చూద్దాం. కాగితం లేకుంటే ఇయ్యాల్టి నుంచే పద్నాలుగు సూదులు."

ఇద్దరం కాగితం కోసం ఇంటికి బయలుదేరాం. ఒప్పుకుంటాను, ఊరుకుందామనే అనిపించింది. కుక్కకు ఏమీ లేకపోవచ్చు. ఉంటే? ఈ దగ్గు వినపడదు, ఈ నవ్వు వినపడదు. అంత పాపిష్టి ఆలోచన నాకే వచ్చింది, ఇంకెవరికో కాదు. ఇంట్లోకి పోయి ఆయన కాగితానికి చెయ్యి చాపగానే నేను అడ్డం నిలబడ్డాను.

"మామా, గా మందు పనికిరాదు. ఐస్‌ఫ్రూట్ పెట్టెల పెట్టిన, గడ్డ కట్టింది. కాంపౌండర్‌తోని అబద్ధమాడిన. నువ్వు సూదులు ఏయించుకో."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పగ తీర్చుకుంటున్నవా? నా కడుపుల పద్నాలుగు సూదులు పొడిపిస్తే నీ కళ్లు సల్లగైతయా?"

గల్లీ అంతా గుమిగూడింది. ఒక్కరూ నా మాట నమ్మలేదు. వాళ్లనేమనాలి? నాలుగేళ్లు కూరలో ఉప్పు మరిచిన కోడలి మాట ఎవరు నమ్ముతారు? మామ నన్ను తోసి మళ్లీ చెయ్యి చాపాడు. నేను కాగితం పీకి, నాలుగు ముక్కలు చేసి, పొయ్యిలో వేశాను.

పద్నాలుగు రోజులూ ఆయన ముందు, నేను వెనక. తప్పించుకుపోతాడని కాపలా. కనపడ్డవాళ్లందరికీ కోడలు పొడిపిస్తోందని చెప్పుకుంటూ నడిచేవాడు. సూది దిగిన ప్రతిసారీ నన్ను తిట్టేవాడు, తలుపు అవతల నా చెయ్యి నా పొట్ట మీద ఉండేది.

కుక్కకు ఏ రోగమూ రాలేదు. "సూడుండ్రి, దుక్క లెక్క ఉంది. నన్ను ఊరికే పొడిపించింది" అని మామ అరుగు మీద దాన్ని నిమురుతూ చెప్పేవాడు. నాతో మాట్లాడటం మానేశాడు. అన్నం కావాలంటే కంచం మీద తట్టేవాడు, అంతే.

కుక్కకు సూది వేయించి ఏడాది తిరిగింది. మళ్లీ వేయించే ఊసు నేనైతే ఎత్తలేదు. ఒక పొద్దున మిషన్ కుడుతుంటే మామ వచ్చి, మడత పెట్టిన నోట్లు కత్తెర కింద పెట్టాడు. నా ముఖం చూడలేదు. గుమ్మం దాటుతూ గోడకు చెప్పినట్టు అన్నాడు.

"గీసారి ఐస్‌ఫ్రూట్ పెట్టెల పెట్టకు."