పసివాళ్ళ ఎంగిలి

అమలాపురంలో మా అత్తవారిది వేదం చదువుకున్న ఇల్లు. కోడలిగా అడుగుపెట్టిన మొదటి వారంలోనే నాకు ఎంగిలి గురించి పాఠం అయింది. గరిటె కంచానికి తగిలితే గిన్నెలో పప్పంతా ఎంగిలే. మంచినీళ్ళు ఎత్తి పోసుకోవాలి. నేను ఓసారి గ్లాసు పెదవికి ఆనించానని, అత్తగారు దాన్ని నా చేతే పెరట్లో చింతపండు పెట్టి తోమించారు. పక్కింటి వాళ్ళు గోడ మీంచి చూస్తూనే ఉన్నారు. ఏళ్ళయింది. నేను మరిచిపోలేదు.

ఇంత పట్టింపున్న ఇంట్లో పసిపిల్లలకు మాత్రం మినహాయింపు. వాళ్ళు తిని వదిలేసిన అన్నం ఎంగిలి కింద రాదు. పిల్ల సగం కొరికిన అరటిపండు పెద్దవాళ్ళు తింటే అది ముద్దు. పారేస్తే తప్పు.

నాకు నెల తప్పిన రోజుల్లో మా ఆడపడుచు కూతురు మా ఇంట్లోనే ఉండేది. ఏడాదిన్నర పిల్ల. ఆడపడుచు మలికిపురంలో టీచరు. సోమవారం పిల్లను దింపి శనివారం తీసుకెళ్ళేది. నేను మొదటిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ అడిగింది.

"ఇంట్లో చిన్నపిల్లలున్నారామ్మా?"

"ఆయ్, మా ఆడపడుచు గారి పాపండీ."

"అయితే దాని ఎంగిలి తినకు. ఒకే చెంచాతో ఇద్దరూ తినొద్దు. మూతి మీద ముద్దులొద్దు. డైపర్ మార్చేక, చీమిడి తుడిచేక సబ్బుతో చేతులు కడుక్కో."

సైటోమెగాలో అనే వైరస్ ఒకటుందని చెప్పింది. పిల్లల ఉమ్మిలో, ఉచ్చలో ఉంటుందట. వాళ్ళకి జలుబంతే, ఒక్కోసారి అదీ ఉండదు. కడుపులో బిడ్డకి పాకితే మాత్రం చెవులు పోవచ్చు, ఇంకా పెద్ద నష్టాలూ జరగొచ్చు. టీకా లేదు కాబట్టి జాగ్రత్తే మందు అంది.

ఇంటికొచ్చి చెప్పాను. అత్తగారు కొబ్బరి కోరుతున్నారు. కోరడం ఆపలేదు.

"మా పిల్ల ఎంగిలి నీకు రోతగా ఉందామ్మా?"

"రోత కాదండీ. డాక్టర్ గారు చెప్పేరు."

"నలుగుర్ని కన్నాను. ఒకళ్ళ ఎంగిలి తింటూ ఇంకొకళ్ళని కన్నాను. ఏ వైరస్సూ నా జోలికి రాలేదు."

సాయంత్రానికి ఆడపడుచు ఫోను. "మా పిల్లకేం జబ్బుందని వదినా, దాన్ని ముట్టుకోగానే చేతులు కడిగేసుకుంటున్నావంట?" మా ఆయన పేపరు మడిచి, "పోనీలే, పెద్దావిడ" అన్నారు. ఈ 'పోనీలే' ఆయన నాకు తప్ప ఇంకెవరికీ చెప్పగా నేను వినలేదు.

పది రోజులు మొండిగా ఉన్నాను. ఒక శనివారం అందరూ భోజనాల దగ్గర ఉండగా, ఆ పిల్ల తన పెరుగన్నం కంచం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నోట్లోంచి తీసిన ముద్ద నా నోటి దగ్గరకు తెచ్చింది.

"పెట్టమ్మా, అత్తకి పెట్టు. తింటుందో లేదో చూద్దాం" అన్నారు అత్తగారు నవ్వుతూ. అందరూ నావైపు చూశారు.

తిన్నాను. ఆ తర్వాత రోజూ తిన్నాను. మాటలు పడే ఓపిక లేకపోయింది. నా చెయ్యి పట్టుకుని ఎవరూ తినిపించలేదు. ఈ ఒక్క మాట దాచి మిగతాదంతా రాస్తే అది అబద్ధమవుతుంది.

నెల తిరిగాక జ్వరం, ఒళ్ళు నొప్పులు, మెడ దగ్గర బిళ్ళలు కట్టాయి. రక్తపరీక్ష చూసి, ఇది కొత్తగా సోకిందే అంది డాక్టరమ్మ. ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ ఖాయంగా చెప్పలేరంది. ఆవిడ చెప్పలేకపోవచ్చు, నాకు తెలుసు. రోజుకి నాలుగు పూటలు, పూటకి రెండు చొప్పున పెద్ద పెద్ద మాత్రలు. బిడ్డకి పాకే అవకాశం తగ్గుతుందే కానీ హామీ లేదంది. గొంతు దిగని ఆ మాత్రలు మింగుతూ, ఎదురుగా అత్తగారు పిల్లకి పాలన్నం పెట్టడం చూసేదాన్ని. ఆరో నెలలో కాకినాడలో ఉమ్మనీరు తీసి పరీక్ష చేశారు. వైరస్ ఉంది. స్కానింగులో మాత్రం తేడా ఏమీ కనబడలేదు. అది పట్టుకునే మిగతా నెలలు గడిపాను.

మగపిల్లాడు. పుట్టిన వారంలోపే మూత్రపరీక్ష, చెవి పరీక్ష. ఎడమ చెవి పలకలేదు. ఆరు నెలలు మందు పోశాం. అది రక్తకణాలను తగ్గిస్తుందని, మాటిమాటికీ సూది గుచ్చి రక్తం తీసేవారు. కుడి చెవి బాగానే ఉంది. అయితే అందులో కూడా వినికిడి తర్వాత తగ్గిపోవచ్చట, అందుకని కొన్ని నెలలకోసారి చూపించాలి.

వాడికిప్పుడు మూడేళ్ళు దాటాయి. ఇంకా కాకినాడ బస్సు ఎక్కుతూనే ఉన్నాం. అద్దాల గదిలో వాడికి హెడ్‌ఫోన్లు పెడతారు. శబ్దం వినబడినప్పుడల్లా ఒక రింగు తీసి పుల్లకి తొడగాలి. నేను వెనకాల కూర్చుని వాడి చెయ్యి కదులుతుందా అని చూస్తాను. వాడికి అదొక ఆట. నాకు కాదు. కిందటి నెలలో రింగులన్నీ తొడిగాడు. కుడి చెవిలో వినికిడి తగ్గలేదన్నారు.

ఆ పై వారమే మా తోడికోడలు వచ్చింది. మూడో నెల. మావాడు పరమాన్నం చెంచా నాకి, అదే చెంచాతో పిన్నికి పెట్టబోయాడు. ఆ అమ్మాయి నోరు తెరిచింది. నేను పొయ్యి దగ్గర్నుంచి కదిలేలోపే అత్తగారు చెంచా లాక్కున్నారు.

"వద్దమ్మా. ఈ టైములో పసివాళ్ళ ఎంగిలి తినకూడదు. డాక్టర్లు చెప్పేరు."

"ఆయ్, అలాగే అత్తయ్య గారూ" అంది ఆ అమ్మాయి. అంతటితో అయిపోయింది. రోతగా ఉందా అని ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు.

అత్తగారు నావైపు చూస్తారేమోనని గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. చూడలేదు. చెంచా పోయిందని వాడు ఏడుపు మొదలెట్టాడు. అత్తగారు వాడికి ఎడమ పక్క ఉన్నారు. లేచి, చేతులు కడుక్కుని, వాడి చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చి కూర్చున్నారు.

"నీకు వేరే చెంచా ఇస్తాను నాన్నా" అన్నారు, వాడి కుడి చెవి దగ్గరగా.

వాడు విన్నాడు. ఏడుపు ఆపాడు. నాతో అనవలసిన మాట మాత్రం ఆవిడ ఇప్పటికీ అనలేదు.