కోరుట్ల డాక్టరమ్మ సబ్బు

"అగ్గిపుల్ల సగం మిగిలితె దాసిపెడ్తవు. గిప్పుడు ఒక్క పనికి జగిత్యాలకు రెండుపార్లు రమ్మంటవేందే అవ్వా?" అన్నాడు మా పెద్దకొడుకు రాజేశం.

"అగ్గిపుల్ల వేరు, కన్ను వేరు. ఒక్కటి చేపిద్దాం. గది మంచిగైనంక ఇంకోటి."

"డాక్టరే రెండూ ఒకనాడే చేస్తనంటుండు. నడుమ నీకేం బాధ?"

"ఏమన్న తేడా అచ్చిందనుకో, రెండు కండ్లూ వోతయి. మీ బాపుకు చెవులు ఎట్లాగూ లేవు."

కంటి ఆసుపత్రి వరండాలో మా ఇద్దరి నడుమ బల్ల మీద మా ఆయన కూర్చుని ఉన్నాడు. బతుకంతా మరమగ్గాల మీదే గడిపిన మనిషి. మా సిరిసిల్లలో వాటిని సాంచాలంటాం. ఆ చప్పుడుకే ఆయన చెవులు పోయాయి. ఏళ్ల తరబడి మా పెదవులు చూసే మా మాట వింటున్నాడు. ఇప్పుడు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి ఆ పెదవులు కూడా మసకబారాయి. పత్తి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనందువల్ల ఆపరేషన్ చేసినప్పుడల్లా పక్కన మత్తు డాక్టరు ఉండాలట. ఆ తిప్పలు రెండుసార్లు ఎందుకు, ఒకే రోజు రెండు కళ్లూ చేసేద్దామన్నాడు ఇక్కడి కుర్ర డాక్టరు. ఒక కన్ను బాగైతే బాపు రెండోదానికి ఇల్లు కదలడని రాజేశం వాదన. అదీ అబద్ధం కాదు. కానీ రెండు కళ్లకూ కట్టు కడితే, చెవులు లేని మనిషిని బీరువాలో పెట్టి తాళం వేసినట్టే గదా అని నా భయం.

అంతలో ఒక సిస్టర్ గుడ్డ కప్పిన ట్రే పట్టుకుని మా ముందునుంచి వెళ్లింది. ఆవిరిలో ఉడికి ఆరిన గుడ్డల వాసన వచ్చింది. ఎన్నో ఏళ్లయింది నేను ఆ వాసన పీల్చి. కోరుట్ల డాక్టరమ్మ వచ్చి ఎదురుగా నిలబడ్డట్టయింది.

ఆయన బొంబాయి పక్కన భీవండిలో సాంచాలు నడిపే రోజుల్లో నేను పిల్లలతో కోరుట్లలో మా తల్లిగారింట్లో ఉండేదాన్ని. బస్టాండు దగ్గరి సందులో చిన్న కంటి ఆసుపత్రి ఉండేది. నేను చదివింది మూడో తరగతి. అయినా డాక్టరమ్మ నా చదువు అడగలేదు, గోళ్లు చూసి పనిలో పెట్టుకుంది. సన్నటి మనిషి, కళ్లద్దాలకు దారం కట్టి మెడలో వేసుకునేది. జగిత్యాల దిక్కు ఆడబిడ్డే కాబట్టి మా మాటే మాట్లాడేది, కానీ చాలా తక్కువ మాట్లాడేది. నేను కఠినమైన మనిషినని ఇంట్లో అందరూ అంటారు. ఆమె ముందు నేనెంత?

మొదటిరోజే ఒకాయనకు చుక్కల మందు వేశాను. ఒక కంట్లో వేసి, అదే చేత్తో రెండో రెప్ప కూడా ఎత్తాను. డాక్టరమ్మ వచ్చి నా చేతిలోంచి సీసా తీసుకుని చెత్తడబ్బాలో వేసింది. నిండు సీసా అమ్మా, అన్నాను.

"ఉండనియ్యి. గా కన్ను పుసి గీ కన్నుకు అంటితె ఎట్ల? రెండు కండ్లంటె ఇద్దరు మనుషులనుకో లచ్చవ్వా. ఒకలకు ఏసినంక చేతులు కడుక్కో. అటెన్క ఇంకొకలకు."

అరిగిన సబ్బు ముక్కలను ఒకదానికొకటి అతికించి వాడే దాన్ని నేను. ఆమె మాత్రం కుళాయి దగ్గర సబ్బుబిళ్ల చూసి నా పని ఎంచేది. అది ఎంతకీ సన్నబడకపోతే "సబ్బు అరుగుతలేదేంది లచ్చవ్వా?" అని అందరి ముందూ అడిగేది. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. నాకు ఒళ్లు దాచుకోవడం తెలియదు, సబ్బు దాచుకోవడమే తెలుసు. నెమ్మదిగా ఆ ఒక్క పొదుపు మానుకున్నాను.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. ముసలివాళ్లను పట్టుకొచ్చిన కొడుకులో కోడళ్లో ముందుకు వచ్చి, అట్లా చేయండి ఇట్లా చేయండి అని చెప్పబోతే "కన్ను ఎవరిది?" అనేది. అంతే, వాళ్లు పక్కకు జరిగేవారు. స్టూలు జరుపుకుని ఆ ముసలి మనిషి ముందే కూర్చుని, నీకెట్ల కావాలె, నువ్వు చెప్పు, అనేది. ఇంట్లో ఎవరూ ఏదీ అడగని మనుషులు అక్కడ మాట వెతుక్కునేవారు. కొందరికి ముందు కన్నీళ్లే వచ్చేవి. ఆ కన్నీళ్లు తుడవడం కూడా నా పనే, ఒక్కో కంటికి ఒక్కో దూది.

ఒకసారి మల్లవ్వ అనే ముసలామె వచ్చింది. ఆమె కొడుకు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. తల్లిని దించి వెంటనే వెళ్లిపోయాడు. డాక్టరమ్మ ఎప్పటిలాగే అడిగింది. మల్లవ్వ తడుముకోకుండా, కన్ను నాదే, రెండూ ఒక్కపారే చెయ్యి తల్లీ, నా కొడుకు మల్ల నన్ను తోలుకరాడు, అంది. డాక్టరమ్మ కుదరదంది. ఒకటి చేసి, అది బాగుందని చూశాకే రెండోది అంది.

"కన్ను ఎవరిదని నువ్వే అడిగితివి. నాదని చెప్పిన. మరి నా మాట ఇనవేంది?" అంది మల్లవ్వ.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "కన్ను నీదే అవ్వా. చెయ్యి నాది గదా" అంది.

తర్వాత గుడ్డలు మడత పెడుతుంటే, నేను అడగకుండానే నాతో చెప్పింది. "ఒక కన్నుల చీము వడితె మనిషి ఇంకో కన్నుతోని బతుకుతది. రెండిట్ల వడితె? సామాన్లు ఉడకవెట్టే డబ్బా మన దగ్గర ఒక్కటే ఉన్నది. నడుమ కరెంటు వోతది. నాకు ధైర్యం లేదు లచ్చవ్వా."

మల్లవ్వకు ఒక కన్ను బాగైంది. రెండోదానికి ఆమె రానేలేదు. ఆ ఊరి దిక్కు నుంచి ఎవరు వచ్చినా డాక్టరమ్మ, మల్లవ్వ కనపడుతుందా అని అడిగేది. పొలం గట్టు మీద ఒంటి కంటితో తడుముకుంటూ నడుస్తుందని ఒకామె చెప్పిన రోజు అన్నం డబ్బా మూత తీయకుండా పక్కన పెట్టింది. "నేను చెప్పింది తప్పుగాదు. గని ఆమె చెప్పింది గూడ తప్పుగాదు" అని, మళ్లీ పనిలో పడింది.

ఆయన భీవండి నుంచి తిరిగొచ్చాక మేము సిరిసిల్లకు మారాం. వెళ్లే రోజు డాక్టరమ్మ నాకు కాగితం విప్పని కొత్త సబ్బుబిళ్ల ఇచ్చింది. దాసిపెట్టకు, వాడు, అంది. వాడాను. ఆమె పోయిన సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మొన్న కోరుట్లకు వెళ్లినప్పుడు చూస్తే, ఆ ఆసుపత్రి ఉన్న చోట ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు.

ఆ వరండాలో నిలబడి ఇదంతా తలుచుకుంటే అర్థమైంది. ఆమె దగ్గర నేర్చిన ఒక మాటను పట్టుకుని ఇంతసేపూ కొడుకుతో కొట్లాడుతున్నాను. రెండో మాట మర్చిపోయాను. కన్ను ఎవరిదని మాలో ఒక్కరమూ అడగలేదు. వినపడదని ఆయన తల మీదుగా మేమే మాట్లాడుకుంటున్నాం.

ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాను. అతను విసుక్కోలేదు. దీని మీద డాక్టర్లందరిదీ ఒకే మాట కాదని, తనకు నేర్పిన సారు ఇప్పటికీ రెండూ ఒకే రోజు చేయరని, తాను కూడా అందరికీ చేయనని చెప్పాడు. రెండో కంటికి ట్రే వేరు, మందులు వేరు. మొదటి కంట్లో ఏ కొంచెం ఇబ్బంది అనిపించినా రెండోది ఆ రోజు ముట్టడు. కట్లు కట్టరట, కళ్ల పైన అవతలికి కనపడే ప్లాస్టిక్ డబ్బీలు పెడతారట, మసకగానైనా కనపడుతుందట.

"మరి చేతులు?" అన్నాను.

"మళ్లీ మొదటి నుంచి కడుక్కుంటనమ్మా. వేరే పేషెంటు వచ్చినట్టే."

ఇక అడగడానికి ఏమీ లేదు. భయం మాత్రం అట్లాగే ఉంది. వచ్చి ఆయన ముందు నేల మీద కూర్చుని, ముఖం దగ్గరగా పెట్టాను. సాంచాల చప్పుడులో కార్మికులు చేతులతో మాట్లాడుకుంటారు, ఆ సైగలు నాకూ వచ్చు. ఆయన ఒక కంటి మీద చెయ్యి పెట్టి సాంచ ఆపే సైగ చేశాను, రెండో కన్ను నడుస్తుందన్నాను. తర్వాత రెండిటి మీదా చేతులు పెట్టి, ఒకేసారి ఆపుదామా అని అడిగాను. ఏది కావాలో నువ్వే చెప్పు అన్నాను. ఒకటే అంటాడని నా ఆశ.

ఆయనకు తన గొంతు తనకు వినపడదు. సాంచాల నడుమ అరిచినట్టే మాట్లాడతాడు. వరండా అంతా వినపడింది.

"గిప్పుడు యాదికచ్చిన్నా మీకు? ఇందాకటి సంది ఇద్దరు మూతులు ఆడిస్తనే ఉన్నరు. కరెంటు వోతె అన్ని సాంచాలు ఒక్కపారే ఆగుతయి. అచ్చినంక ఒక్కపారే నడుస్తయి. రెండూ చెయ్యుమను."

ఎదుటి బల్ల మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. రాజేశం నవ్వలేదు, నా ముఖం చూశాడు. నేను ఆయన అరచేతిలో వేళ్లు నొక్కి, భయం కావట్లేదా అన్నట్టు చూశాను. ఆయన నా వేళ్లను మూసి పట్టుకున్నాడు. "కనవడకపోతె గిట్ల వట్టుకో" అన్నాడు, ఈసారి కొంచెం మెల్లగా.

లేచి వెళ్లి డాక్టరుకు రెండూ అని చెప్పాను.

ఆపరేషనైన మర్నాడు పొద్దున సిస్టర్ వచ్చి రెండు డబ్బీలూ తీసింది, ఒకటి తీశాక చేతులు కడుక్కునే రెండోది తీసింది. డాక్టరు లైటు వేసి చూసి బాగున్నాయన్నాడు. వాళ్లు వెళ్లాక నేను తలుపు దగ్గరే నిలబడి, గొంతు లేకుండా పెదవులు మాత్రం కదిపి, ఛాయ్ తాగుతవా అన్నాను.

"సక్కెర తక్కువెయ్యుమను" అన్నాడు.

చుక్కల మందు వేళ కూడా అయింది. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి కుడి కంట్లో వేశాను. సీసా పెట్టేసి మళ్లీ కుళాయి దగ్గరికి నడిచాను.

"ఇప్పుడే కడిగితివి గదనే" అని వెనకనుంచి అరిచాడు.

తిరిగి చూసి, పెదవులతోనే చెప్పాను. "గది గా కన్నుకు."